హైదరాబాద్ జూ పార్కుకు ఎలా వెళ్ళాలి: కాళ్ళ ఓపిక లోపలికి దాచుకోండి

హైదరాబాద్ జూ పార్కు చూసి వచ్చినవాళ్ళను ఎవరినైనా అడగండి. పులి గురించి ఒక మాట చెబితే కాళ్ళ నొప్పుల గురించి పది మాటలు చెబుతారు. అది 380 ఎకరాల తోట, లోపలి నడక ఎలాగూ తప్పదు. కాని చాలామంది ఓపికలో సగం గేటు చేరకముందే ఖర్చయిపోతుంది. రెండు బస్సులు మారడం, ఎండలో ఆటో కోసం నిలబడడం, కారు పెట్టుకోవడానికి చోటు వెతకడం. తీరా సింహం దగ్గరికి చేరేసరికి పిల్లలు ఎత్తుకోమంటారు, పెద్దవాళ్ళు బెంచీ ఎక్కడుందని చూస్తారు. అందుకే దారి ఎంచుకునేటప్పుడు నాకు ఒకటే కొలత: గేటు దగ్గర దిగేసరికి ఒంట్లో ఎంత ఓపిక మిగులుతుంది? ఈ లెక్కన చూస్తే ఒక్కోసారి చుట్టుదారే మంచి దారి అవుతుంది.

ముందు రోజు రాత్రి చేయాల్సినవి

మొదట క్యాలెండరు చూడండి. సోమవారం జూకు సెలవు. ఈ సంగతి తెలియక మా అక్క పిల్లలను వెంటబెట్టుకుని ఒక సోమవారం ఉదయం మూసిన గేటు ముందు నిలబడ్డాను. చిన్నవాడు కమ్మీల సందులోంచి తొంగిచూసి, "జూ అంటే చెట్లేనా మామయ్యా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటారు. మిగతా రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నరకు తెరిచి సాయంత్రం ఐదుకు మూస్తారు. వేసవిలో ఈ వేళలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. టికెట్లు ఇచ్చే కిటికీ మాత్రం గేటు కంటే ముందే మూతపడుతుంది కాబట్టి, నాలుగింటికి వెళ్ళి గంటసేపు చూసి వద్దామనే ఆలోచన పెట్టుకోకండి.

తర్వాత పండుగలు చూడండి. ఇది హైదరాబాద్ బయటివాళ్ళకు తట్టని విషయం. జూ ఉన్న రోడ్డు మీదే మీర్ ఆలం ఈద్గా ఉంది. రంజాన్, బక్రీద్ రోజుల్లో ఉదయం వేలాదిమంది అక్కడ నమాజుకు వస్తారు. పురానాపూల్ నుంచి బహదూర్‌పురా వరకు పోలీసులు వాహనాలను దారి మళ్ళిస్తారు. ఆ పూట ఆ దారిలో బస్సు, ఆటో, కారు అన్నీ చిక్కుకుంటాయి. పండుగ మరుసటి రోజు రోడ్డు ఖాళీగానే ఉంటుంది కాని, పాతబస్తీ కుటుంబాలన్నీ సేమ్యా డబ్బాలతో సహా జూలోనే ఉంటాయి. చూడముచ్చటైన సందడి అది. జంతువులను తీరిగ్గా చూడాలనుకుంటే మాత్రం వేరే రోజు చూసుకోండి. గణేశ్ నిమజ్జనం రోజు, లాల్ దర్వాజా బోనాల రోజు, మొహర్రం ఊరేగింపు రోజు కూడా పాతబస్తీ దారులు మారిపోతాయి. ఆదివారాలు, జనవరి 1, సంక్రాంతి సెలవుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. నన్నడిగితే మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా మేలు. శీతాకాలంలో మాత్రం ఆ రోజుల్లోనూ బడి పిల్లల విహారయాత్రల బస్సులు వరుసకడతాయి. వాళ్ళు పదిన్నర, పదకొండు దాటాక వస్తారు. మీరు తెరిచే వేళకే వెళితే వాళ్ళ కంటే ముందుంటారు.

పొద్దున్నే వెళ్ళమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పులి, సింహం, చిరుత మధ్యాహ్నం నిద్రపోయే జీవులు. పన్నెండింటికి వెళితే నీడలో పడుకున్న వీపు ఒక్కటే కనిపిస్తుంది. అంత దూరం ప్రయాణం చేసి వీపు చూసి రావడం నాకైతే ఇష్టం లేదు.

చివరిగా పేరు. కాగితాల మీద అది నెహ్రూ జూలాజికల్ పార్క్, జనానికి తెరిచింది 1963 అక్టోబరు 6న. ఆటో అతనితో గాని కండక్టరుతో గాని ఆ పేరంతా చెప్పనక్కరలేదు, "జూ పార్కు, బహదూర్‌పురా" అంటే చాలు. ఫోనులో మ్యాపు తెరిచినప్పుడు మాత్రం హైదరాబాద్, బహదూర్‌పురా అని ఉన్నదే నొక్కండి. విశాఖలో, తిరుపతిలో, వరంగల్‌లో కూడా జంతు ప్రదర్శనశాలలు ఉన్నాయి. హైదరాబాద్‌లోనే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు వైపు మృగవని ఉన్నాయి. అవి జింకల అడవులు, మీరు వెతికే జూ అవి కాదు. విజయవాడ రోడ్డు మీద వచ్చేవాళ్ళు వనస్థలిపురం దగ్గర ఆ బోర్డు చూసి, వచ్చేశామనుకుని పిల్లలను నిద్ర లేపేస్తుంటారు. ఇంకా చాలా దూరం ఉంది, పడుకోనివ్వండి.

మెట్రోలో: ఎంజీబీఎస్ వరకు

జూ దాకా మెట్రో లేదు. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) నుంచి ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట వరకు లైను పొడిగిస్తున్నారు గాని, అది కూడా జూ గేటు ముందు నుంచి పోదు. అయినా నగరంలో ఏ మూల నుంచి వచ్చినా మెట్రోనే నా మొదటి ఎంపిక. ఎందుకంటే చల్లగా కూర్చుని నగరం మొత్తం దాటేస్తారు, చివరి ఐదారు కిలోమీటర్లు మాత్రమే మిగులుతుంది. మీరు దిగాల్సిన చోటు ఎంజీబీఎస్. ఎరుపు లైను, ఆకుపచ్చ లైను కలిసేది అక్కడే.

మియాపూర్, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ వైపు వాళ్ళు ఎల్బీనగర్ వెళ్ళే ఎరుపు లైను ఎక్కితే నేరుగా ఎంజీబీఎస్‌లో దిగవచ్చు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాళ్ళు అదే లైనులో మియాపూర్ వైపు ఎక్కాలి. రాయదుర్గం, హైటెక్ సిటీ, మాదాపూర్ వాళ్ళు నీలం లైనులో అమీర్‌పేట వచ్చి ఎరుపు లైనుకు మారాలి. అమీర్‌పేటలో మారడం అంటే మెట్లు, జనం, తోపులాట. చిన్నపిల్లలు ఉంటే లిఫ్టు ఎక్కడుందో ముందే చూసుకోండి. ఉప్పల్, నాగోలు వైపు నుంచి వచ్చేవాళ్ళు పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి ఆకుపచ్చ లైనుకు మారితే అమీర్‌పేట దాకా పోనక్కరలేదు, రద్దీ కూడా తక్కువ.

సికింద్రాబాద్ వాళ్ళు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. అక్కడ రెండు మెట్రో స్టేషన్లు ఉన్నాయి. రైల్వే స్టేషనుకు ఆనుకున్నట్టుండే సికింద్రాబాద్ ఈస్ట్ నీలం లైనుది. మీకు కావలసింది సికింద్రాబాద్ వెస్ట్, అది ఆకుపచ్చ లైనుది. కొంచెం నడవాలి గాని, ఎక్కితే మళ్ళీ దిగేది ఎంజీబీఎస్‌లోనే. గాంధీ ఆస్పత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ దాటగానే వచ్చేస్తుంది. దగ్గరగా ఉంది కదా అని ఈస్ట్‌లో ఎక్కి, ఒక స్టేషను తర్వాత దిగి లైను మారేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఆ చివరి ఐదారు కిలోమీటర్లు

ప్రయాణం మొత్తానికి అసలు చిక్కు ఇక్కడే. ఎంజీబీఎస్ మూసీ నది మధ్యలో లంక మీద కట్టిన బస్టాండు, పాతవాళ్ళు ఇమ్లిబన్ అంటారు. అక్కడి నుంచి జూకు రెండు పద్ధతులు.

మొదటిది ఆటో లేదా ఫోనులో పిలిచే క్యాబు. నలుగురు ఉంటే ఇదే చవక, ఇదే సుఖం. స్టేషను మెట్ల కిందే నిలబడి ఉన్న ఆటోలతో బేరం మొదలుపెట్టకండి. ముందు ఫోనులో క్యాబు ధర ఎంత చూపిస్తోందో చూసుకోండి, ఆ అంకె మనసులో పెట్టుకుని ఆటో అతన్ని అడగండి. నవ్వుతూ అడిగితే సగం బేరం అయిపోయినట్టే. పాతబస్తీ ఆటోవాళ్ళు కబుర్లు చెప్పేవాళ్ళు. ఒకాయన నన్ను జూ దగ్గర దించేలోగా ఏనుగుల పేర్లు, వాటి వయసులు చెప్పుకొచ్చాడు. ఎంత నిజమో నాకు తెలియదు గాని, పిల్లలు మాత్రం లోపల ఆ ఏనుగులను పేరు పెట్టి పిలిచారు.

రెండోది సిటీ బస్సు. దీనికి ఎంజీబీఎస్ లోపల కాకుండా అఫ్జల్‌గంజ్ స్టాపుకు రావాలి. అక్కడి నుంచి బహదూర్‌పురా మీదుగా ఆరాంఘర్, రాజేంద్రనగర్, శంషాబాద్ వైపు పోయే బస్సులు జూ ముందు నుంచే వెళతాయి. ఎక్కేముందు "జూ పార్కు దగ్గర ఆగుతుందా?" అని కండక్టరునో డ్రైవరునో అడగండి. నంబరు చూసి కంగారుపడడం కంటే ఒక ప్రశ్న అడగడం తేలిక. సికింద్రాబాద్ నుంచి మారకుండా రావాలనుకుంటే 7జెడ్ అనే బస్సు ఉంది. ఆ జెడ్ జూ కోసమే. టాంక్‌బండ్ మీదుగా నగరం నడిబొడ్డులోంచి వస్తుంది కాబట్టి సమయం తింటుంది. కిటికీ పక్కన సీటు దొరికితే పిల్లలకు నగరం చూపించడానికి బాగుంటుంది, తొందర ఉంటే వద్దు.

బస్సులో వచ్చేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. నగరం వైపు నుంచి వెళుతున్నప్పుడు జూ రోడ్డుకు కుడి పక్కన ఉంటుంది. బస్సు ఎడమ పక్కన దించుతుంది. అంటే వెడల్పాటి పాత బెంగళూరు జాతీయ రహదారిని మీరు దాటాలి. లారీలు, బస్సులు వేగంగా వస్తుంటాయి. పిల్లల చేతులు పట్టుకుని, నలుగురూ దాటే చోటే దాటండి. తిరుగు ప్రయాణంలో ఈ బాధ లేదు. నగరం వైపు వెళ్ళే బస్సులు గేటు ఉన్న పక్కనే ఆగుతాయి.

టికెట్టు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు, ట్రాన్స్‌జెండర్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టరు జీరో టికెట్ ఇస్తారు. అయితే తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించాలి. డీలక్స్, ఏసీ బస్సులకు ఇది వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం వచ్చింది గాని, అక్కడి కార్డు ఇక్కడ పనిచేయదు. విజయవాడ నుంచి వచ్చిన మా పిన్ని ధీమాగా ఆధార్ తీసి చూపిస్తే, కండక్టరమ్మ చిరునామా చదివి, "మీ ఊళ్ళో అయితే సరే అమ్మా" అని నవ్వుతూ టికెట్టు కొట్టింది. చిల్లర దగ్గర పెట్టుకోండి.

రైలు దిగి నేరుగా వచ్చేవాళ్ళు

తెల్లవారుజామున రైలు దిగి, జూ చూసుకుని, రాత్రి రైలుకు తిరిగి వెళ్ళిపోయే కుటుంబాలు చాలా ఉంటాయి. మంచి ఆలోచనే. కాని సూట్‌కేసులతో జూకు రావద్దు. పెద్ద స్టేషన్లలో క్లోక్ రూము ఉంటుంది, అందులో పెట్టేయండి. తాళం లేని సంచి తీసుకోరు కాబట్టి చిన్న తాళం వెంట తెచ్చుకోండి. ఎనిమిదిన్నర దాకా గేటు తెరవరు కనుక ముఖం కడుక్కుని, టిఫిన్ కూడా స్టేషన్ చుట్టుపక్కలే కానిచ్చేయండి. జూ గేటు దగ్గర ఇడ్లీ కోసం వెతుక్కోవద్దు.

నాంపల్లిలో దిగినవాళ్ళ పని తేలిక. పక్కనే మెట్రో ఉంది. గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఆ తర్వాత ఎంజీబీఎస్. నిజం చెప్పాలంటే నాంపల్లి నుంచి జూకు ఏడెనిమిది కిలోమీటర్లే, పొద్దున్నే అయితే నేరుగా ఆటో ఎక్కేయండి. కాచిగూడలో దిగిన కర్నూలు, మహబూబ్‌నగర్ వాళ్ళకూ ఆటోనే మేలు. కాచిగూడ నుంచి ఫలక్‌నుమా దాకా ఎంఎంటీఎస్ అనే నగర లోకల్ రైలు కూడా ఉంది. మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ దాటి ఫలక్‌నుమాలో దిగితే జూ ఇంకో నాలుగైదు కిలోమీటర్లు. టికెట్టు చాలా చవక. కాని బండ్లు తక్కువ, ఒకటి తప్పిపోతే ఎదురుచూపులే. వేళలు చూసుకుని సరిగ్గా కుదిరితేనే ఆ దారి పట్టండి.

విమానాశ్రయం నుంచి నేరుగా జూకు వచ్చేవాళ్ళు అరుదు. వస్తే మాత్రం దూరం పెద్దగా లేదు. శంషాబాద్ నుంచి ఆరాంఘర్ మీదుగా ఒకటే దారి, క్యాబు మాట్లాడుకోండి.

కారులో: ఏ దిక్కు నుంచి వస్తున్నారన్నదే ముఖ్యం

కారు గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు దక్షిణం వైపు నుంచి వస్తుంటే కారులో రండి. ఉత్తరం నుంచి, నగరం మధ్యలోంచి రావాలంటే కారు ఇంట్లోనో, పార్కింగు ఉన్న మెట్రో స్టేషను దగ్గరో వదిలేయండి.

కర్నూలు, మహబూబ్‌నగర్, షాద్‌నగర్ వైపు వాళ్ళకు 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా జూ ముందుకే తెస్తుంది. శంషాబాద్, గగన్‌పహాడ్ దాటాక ఆరాంఘర్ వస్తుంది. ఒకప్పుడు ఆరాంఘర్ నుంచి జూ దాకా ఉన్న నాలుగు కిలోమీటర్లు దాటడమే పెద్ద పరీక్ష. శివరాంపల్లి, హసన్‌నగర్, తాడ్‌బన్ల దగ్గర లారీల మధ్య కారు నిలబడిపోయేది. 2025 జనవరిలో అక్కడ ఆరు వరుసల ఫ్లైఓవర్ తెరిచారు, మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. నగరంలో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తర్వాత పొడవైనది ఇదే. ఆ నాలుగు కిలోమీటర్లు ఇప్పుడు నిమిషాల్లో అయిపోతాయి.

అయితే ఒక జాగ్రత్త. ఆరాంఘర్ దగ్గర ఎక్కగలిగే పై వంతెనలు రెండు. ఒకటి బహదూర్‌పురా వైపు, మీకు కావలసింది అది. రెండోది పదకొండున్నర కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, అది మెహదీపట్నం వైపు పోతుంది. పొరపాటున అది ఎక్కితే దిగే చోటు కోసం ఎదురుచూస్తూ పోవాలి. ఫోనులో మ్యాపు చెప్పే గొంతుకు "ఫ్లైఓవర్ ఎక్కండి" అనడమే తెలుసు, ఏ ఫ్లైఓవరో తేల్చి చెప్పదు. కాబట్టి ఆ కూడలిలో పక్క సీట్లో ఉన్నవాళ్ళు బోర్డులు చదవాలి, నడిపేవాళ్ళు రోడ్డు చూడాలి. సరైన ఫ్లైఓవర్ దిగాక వేగం తగ్గించి ఎడమ వరుసలోకి రండి, జూ మీకు ఎడమ పక్కనే వస్తుంది. యూ టర్న్ బెడద లేదు.

గచ్చిబౌలి, కొండాపూర్, నార్సింగి వాళ్ళు నగరంలోకి దిగకుండా ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని రాజేంద్రనగర్ లేదా శంషాబాద్ దగ్గర దిగి, ఆరాంఘర్ చేరి, అదే ఫ్లైఓవర్ ఎక్కండి. మ్యాపులో చూస్తే వెనక్కి వెళ్ళి ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. కనిపించనివ్వండి. సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి వచ్చిన దగ్గరి దారి కంటే ఆగకుండా వచ్చిన చుట్టుదారిలో పిల్లలకు వాంతులు కూడా తక్కువ. మెహదీపట్నం, టోలిచౌకి వాళ్ళకు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా ఆరాంఘర్ వచ్చి బహదూర్‌పురా వైపు మళ్ళడం ఒక పద్ధతి. అత్తాపూర్ నుంచి కిషన్‌బాగ్ మీదుగా బహదూర్‌పురా చేరడం ఇంకో పద్ధతి. రెండోది దగ్గర, కాని ఇరుకు. ద్విచక్ర వాహనాలను ఎక్స్‌ప్రెస్‌వే మీదికి రానివ్వరు. స్కూటరు మీద వచ్చేవాళ్ళు కింది రోడ్డులో స్తంభాల నంబర్లు లెక్కపెట్టుకుంటూ రావాల్సిందే. అక్కడ ఎవరిని దారి అడిగినా పిల్లరు నంబరుతోనే చెబుతారు.

విజయవాడ, నల్లగొండ, ఖమ్మం, సూర్యాపేట వైపు నుంచి వచ్చేవాళ్ళకు రెండు దారులు. తెల్లవారి చేరుకుంటే ఎల్బీనగర్ వరకు వచ్చి, అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా ఆరాంఘర్ పోయే ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకోండి. తొమ్మిది దాటిందా, ఆ రోడ్డు ఊసే ఎత్తకండి. పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్‌లో దిగండి. టోలు కట్టాలి, కిలోమీటర్లు ఎక్కువ, ఒక్క సిగ్నలూ ఉండదు.

ఇక నగరం మధ్యలోంచి కారులో రావడమే ఖాయం చేసుకున్నవాళ్ళకు: చార్మినార్ మీదుగా రాకండి. అక్కడ వాహనాలను తిరగనివ్వరు, చుట్టుపక్కల గల్లీల్లో ఇరుక్కుంటారు. అబిడ్స్, అఫ్జల్‌గంజ్ వైపు నుంచి పురానాపూల్ దగ్గర మూసీ దాటి బహదూర్‌పురా రండి. దాటేటప్పుడు పక్కనే పాత రాతి వంతెన కనిపిస్తుంది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన అసలు పురానాపూల్ అదే, హైదరాబాద్ నగరం కంటే పాతది. ఇప్పుడు దాని మీద వాహనాలు పోవు, కూరగాయలు అమ్ముతారు. బహదూర్‌పురా చౌరస్తా మీద 2022లో చిన్న ఫ్లైఓవర్ కట్టాక అక్కడి సిగ్నల్ బాధ తప్పింది. అది దిగాక జూ కుడి పక్కన ఉంటుంది కాబట్టి, వెనక్కి తిరగడానికి ఎక్కడ వీలుందో చూసుకుని ఎడమ వరుసలోంచి ముందే జరగండి. గేటు కనిపించాక హఠాత్తుగా కుడికి తిప్పడం అక్కడ జరిగే గొడవలన్నింటికీ మూలం.

కారు పెట్టుకోవడానికి గేటు దగ్గర డబ్బు కట్టే పార్కింగు ఉంది. తొమ్మిదిన్నర లోపు వస్తే నీడలో చోటు దొరికే అవకాశం ఉంటుంది. ఎక్కడ పెట్టారో ఫొటో తీసుకోండి. సాయంత్రం అలసిపోయి వచ్చినప్పుడు తెల్ల కార్లన్నీ ఒకేలా ఉంటాయి.

గేటు దగ్గర

ప్లాస్టిక్ సంచులు లోపలికి రానివ్వరు, సామాను తనిఖీ ఉంటుంది. స్టీలు సీసాలో నీళ్ళు, స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకుంటే గొడవే లేదు. టికెట్టు కొనే చోటే బ్యాటరీ బండి, సఫారీ బస్సు, బొమ్మ రైలు టికెట్ల గురించి కూడా అడిగేయండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వెంట ఉంటే బ్యాటరీ బండి విషయంలో పిసినారితనం వద్దు. సఫారీ ఉదయమే చూసేయండి. మన దేశంలో సింహాల సఫారీ మొదట వచ్చింది ఇక్కడే, 1974లో. నిశాచర జంతువుల ఇల్లు మాత్రం మధ్యాహ్నానికి దాచుకోండి. అక్కడ దీపాలతో పగటిని రాత్రిగా మార్చి పెడతారు కనుక, బయట సింహం కునుకు తీసే వేళకు లోపల ఆ జీవులు మెలకువగా తిరుగుతుంటాయి. ఎండ నుంచి మీకూ నీడ.

ఒకే రోజు జూ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ చుట్టేద్దామని పథకం వేసేవాళ్ళున్నారు. చార్మినార్ మూడు నాలుగు కిలోమీటర్లే కదా అని. జూ తిరిగిన కాళ్ళతో లాడ్ బజార్‌లో గాజులు బేరమాడడం అయ్యే పని కాదు. మరీ తప్పదంటే జూ నుంచి ఒంటిగంటకే బయటపడండి, మ్యూజియాన్ని ఇంకో రోజుకు వదిలేయండి. మ్యూజియానికి సెలవు శుక్రవారం, జూకు సోమవారం. ఈ రెంటినీ తారుమారు చేసుకున్నవాళ్ళను ఎరుగుదును.

తిరిగి వచ్చేటప్పుడు

ఐదింటికి గేటు మూసే వేళకు అందరూ ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు. ఉదయం మర్యాదగా మాట్లాడిన ఆటోలే అప్పుడు రెట్టింపు అడుగుతాయి. ఫోనులో క్యాబు ధర కూడా పెరిగి కనిపిస్తుంది. నాలుగింటికే బయటపడితే ఈ బాధ సగం తగ్గుతుంది. ఆలస్యమైతే గేటు ముందు నిలబడకుండా, బయటికి రాగానే ఎడమ చేతి వైపు బహదూర్‌పురా చౌరస్తా దిక్కుగా కొంచెం నడవండి. అక్కడ నాలుగు వైపుల నుంచీ ఆటోలు, బస్సులు వస్తుంటాయి, ఎవరూ మీ కోసమే కాచుకుని ఉండరు కాబట్టి ధర నేలకు దిగుతుంది. బస్సుకైతే గేటు పక్కన స్టాపే చాలు. ఆ పక్క ఆగేవన్నీ నగరంలోకి వెళ్ళేవే. ఆరాంఘర్, శంషాబాద్ వైపు వెళ్ళాల్సినవాళ్ళే రోడ్డు దాటాలి.

ఎంజీబీఎస్ మెట్రోలో మాత్రం తొందరపడకండి. అక్కడ రెండు లైన్లు, మూడు దిక్కులు. మియాపూర్ వైపా, ఎల్బీనగర్ వైపా, జేబీఎస్ (సికింద్రాబాద్) వైపా అని బోర్డు చూసుకునే ప్లాట్‌ఫారం ఎక్కండి. అప్పటికి నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకుని, ఖాళీ పులిహోర డబ్బాల సంచి ఇంకో చేత్తో పట్టుకుని మళ్ళీ మెట్లు దిగి ఎక్కడం చాలా కష్టం.